కరెంటు తిరిగొచ్చే దారి

పడక, చిన్న ఫ్రిజ్, ఇన్వర్టరు బిగించిన వ్యాను ఒకటి నర్సీపట్నంలో బయల్దేరి ఘాటు ఎక్కి, డిసెంబరు రాత్రి లంబసింగిలో ఆగిందనుకుందాం. తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోయింది, లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి, సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంది. మొదటి నింద బ్యాటరీకే. అది పూర్తిగా అన్యాయమూ కాదు. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యం ఐదో వంతు దాకా తగ్గుతుంది. కానీ సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా బ్యాటరీ కొమ్ముల మీద మీటరు పది వోల్టులకు పైనే నిలబడుతోందంటే, దొంగ వేరే చోట ఉన్నాడు. ఎక్కువసార్లు అతను దొరికేది ఎర్త్ బోల్టు కిందే.

ఇంట్లో 230 వోల్టుల లైనులో ఒక వోల్టు దారిలో పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల బండిలో ఆ ఒక్క వోల్టే పన్నెండో వంతు. పైగా అంతే పనికి ఇక్కడ 19 రెట్లు కరెంటు పారాలి. 600 వాట్ల లోడు మీద ఇన్వర్టరు 50 ఆంపియర్లకు పైనే లాగుతుంది. జాయింటులో 0.02 ఓమ్‌ల నిరోధం ఉంటే చాలు, వోల్టు అక్కడే పోతుంది, 50 వాట్ల వేడీ అక్కడే పుడుతుంది. పాజిటివ్ వైపు దాదాపు ప్రతి తీగకూ రంగు, తొడుగు, ఫ్యూజు ఉంటాయి. తిరిగొచ్చే దారి మాత్రం బండి ఒళ్లే. ఇనుప రేకుకు బిగించిన ఒక్క బోల్టును నాలుగైదు తీగలు నమ్ముకుని ఉంటాయి; వాననీరు, బురద, ఘాటు రోడ్డు కుదుపులు అన్నీ దాని మీదే. ఇండికేటరు వేస్తే పక్కనున్న బ్రేకు లైటు కూడా మిణుకుమంటోందంటే అనుమానం అక్కర్లేదు: తన దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా వెనక్కి వెళ్తోంది.

‘మీటరు బీప్‌మంటోంది, తీగ బాగానే ఉంది కదా’ అంటారు. ఆ పరీక్షలో మీటరు పంపేది మహా అయితే ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు. ఇరవై పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా బీప్ మోగుతుంది. ఫ్రిజ్ మాత్రం ఆ ఒక్క పోగుతో తిరగదు. అందుకే లోడు వేసి ఉంచి కొలవాలి: మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద, రెండోది ఫ్రిజ్ నెగటివ్ తీగ మీద. అర వోల్టు దాటితే ఆ దారిలోనే లోపం. ‘ఫ్యూజు పోలేదు కదా’ అన్నది ఇంకో ధీమా. ఫ్యూజు పోయేది కరెంటు పెరిగితే. చెడ్డ జాయింటు బల్బు, మోటారు వంటి వాటికి కరెంటును తగ్గిస్తుంది. కాబట్టి బోల్టు కాలుతున్నా ఫ్యూజు కదలదు.

బలమైన అభ్యంతరం ఒకటుంది: కొత్త బ్యాటరీ వేయగానే బండి బాగుపడిన సందర్భాలు కొల్లలు. నిజమే. బ్యాటరీ మార్చేవాడు టెర్మినళ్లు విప్పుతాడు, పేరుకున్న తెల్లటి పొడి గీకేస్తాడు, నట్లు గట్టిగా బిగిస్తాడు. ఉప్పు కాగితం, స్పానరుతో తీరే పనికి కొన్నిసార్లు కొత్త బ్యాటరీ ధర కట్టాల్సి వస్తుంది, పాతది ఎక్స్‌ఛేంజ్‌లో పోతుంది.