ముంజికాయల బండికి ఎన్ని మార్కులు?



నేను ప్రైమరీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్తాను. ఈ పత్రికలో మామూలుగా ఇంగ్లీష్ పేజీలకే రాస్తుంటాను. ఈసారి తెలుగు పేజీ అడిగి తీసుకున్నాను. చెప్పబోయే వస్తువుల్లో సగం వాటికి నాకు ఇంగ్లీష్ పేర్లు తెలియవు మరి.

సెలవులకు ముందు పిల్లల డైరీల్లో మేమే రాసి పంపాం: 'ఒక ఎకో ఫ్రెండ్లీ బొమ్మ చేసి తీసుకురండి' అని. జూన్‌లో స్కూల్ తెరిచాక రెండో తరగతి పిల్లలు తెచ్చినవన్నీ బల్ల మీద పేర్చాను. థర్మాకోల్ షీటు మీద నిలబెట్టిన గాలిమర, గ్లిట్టర్ పూసిన ఐస్‌క్రీమ్ పుల్లల ఇల్లు, ఫోమ్ షీటుతో కత్తిరించిన చెట్టు. షాపులో కొన్న కిట్లు కూడా ఉన్నాయి. ఒక కిట్టు పెట్టె మీద ఆకుపచ్చ అక్షరాలతో 'ఎకో' అని రాసి ఉంది. విప్పి చూస్తే లోపల ఒక్కో ముక్కా ఒక్కో ప్లాస్టిక్ కవర్లో ఉంది.

వాటి పక్కన ఒక బాబు ముంజికాయల బండి పెట్టాడు. ముంజలు తినేసిన రెండు కాయలు, వాటి మధ్య ఇరుసుగా ఒక పుల్ల, తోయడానికి చివర పంగ ఉన్న పొడవాటి కర్ర. అంతే. కాయలు అప్పటికే నల్లబడి ముడతలు పడ్డాయి. "కాయలు తాతయ్య కొట్టిచ్చాడు మేడమ్, పుల్ల నేనే గుచ్చాను" అన్నాడు. సాయంత్రం గేటు దగ్గర వాళ్లమ్మగారు నన్ను ఆపి, "సారీ మేడమ్, సెలవులన్నీ ఊళ్లోనే ఉండిపోయాం, షాపుకెళ్లడం కుదర్లేదు. కావాలంటే రేపు మంచిది కొని పంపిస్తాను" అన్నారు.

అప్పుడు నేను "అవసరం లేదండీ" అని ఊరుకున్నాను. అంతకంటే ఎక్కువ చెప్పాల్సింది. చెప్పకపోగా మార్కుల షీటులో 'నీట్‌నెస్' గడిలో అయిదుకి రెండు వేశాను. ఆ రెండు యాప్‌లో ఎక్కి ఆవిడ ఫోన్‌కి కూడా వెళ్లింది.

మర్నాడు లంచ్ తర్వాత కారిడార్‌లో గోల వినిపించి వెళ్లి చూశాను. మిగతా బొమ్మలన్నీ బల్ల మీదే ఉన్నాయి. వాటిని ముట్టుకోవద్దని వాళ్ల ఇళ్లలోనే చెప్పి పంపారట. పిల్లలంతా ముంజికాయల బండి కోసం వరసలో నిలబడ్డారు. నాలుగో రోజుకి ఒక చక్రం చీలింది. ఆ బాబు దాన్ని పీకి పక్కన పెట్టి, ఇంకో చక్రం దేనితో చెయ్యాలా అని క్లాసంతా వెతికాడు. చివరికి సెల్లోటేప్ అయిపోయిన అట్ట చుట్టని తొడిగాడు. బండి వంకరగా నడిచింది కానీ నడిచింది. ఊడిపోయిన ముంజికాయ మొక్కల పాదులోకి వెళ్లింది. గ్లిట్టర్ ఇల్లు మాత్రం ఇప్పటికీ మా స్టాఫ్ రూమ్ బీరువా మీదే ఉంది. దాన్ని ఎక్కడ పారేయాలో నాకు తెలియడం లేదు.

అందుకే ఇప్పుడు ఏ బొమ్మ చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న, దీని కోసం కొత్తగా ఏం కొన్నారు అని. పాత అట్టపెట్టెతో కారు చేయడానికి నూట యాభై రూపాయల రంగులు, మెరుపు కాగితం, గ్లూ గన్ కొంటే పాతది వాడినట్టా, కొత్తది కొన్నట్టా? ఈ విషయంలో తప్పు మీకంటే మాదే ఎక్కువ. థర్మాకోల్ షీటు తెమ్మని డైరీలో రాసేది టీచర్లమే. అలంకరణకు వాడే థర్మాకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల జాబితాలో ఉంది. బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు కూడా అదే జాబితాలోవి. ఇక గ్లిట్టర్ అంటే మెరుపు పూసిన ప్లాస్టిక్ పొడి. చేతులు కడుక్కుంటే నేరుగా కాలవలోకి పోతుంది, దాన్ని మళ్లీ ఏరడం ఎవరి వల్లా కాదు. ఇకమీదట ఎవరి డైరీలో అయినా ఇవి తెమ్మని కనిపిస్తే మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యండి.

కొనడమే తప్పని నేననడం లేదు. కొనేటప్పుడు ఏం చూడాలో తెలిస్తే చాలు. ఏటికొప్పాక బొమ్మల్నే తీసుకోండి. అనకాపల్లి జిల్లాలో, యలమంచిలికి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది. బీఈడీ రోజుల్లో స్నేహితులతో వెళ్లి ఒక పూటంతా చూశాను. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఆరబెట్టిన కర్రని లేత్ మీద తిప్పుతూ ఉలితో బొమ్మ ఆకారం తీస్తారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత ఎండు మొగలి ఆకుతో రుద్దితే నునుపు వస్తుంది. బ్రష్షుతో పని లేదు. అది పైన పూసిన పెయింటు కాదు కాబట్టి పెచ్చులుగా ఊడటం తక్కువ.

రంగుల సంగతి ఇంకా ముఖ్యం. ఒకప్పుడు అక్కడ కూడా రసాయన రంగులు వచ్చేశాయి. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటివాటి నుంచి రంగులు తీసే పద్ధతిని తిరిగి నిలబెట్టినవారిలో సి.వి.రాజుగారు ముఖ్యులు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అయితే ఒక మాట. అంకుడు కర్ర అడవి నుంచి రావాలి. నరికిన చోట మళ్లీ మొక్క పెరగకపోతే ఈ బొమ్మని కూడా ఎకో ఫ్రెండ్లీ అనలేం. అందుకని ఇంట్లో పాతిక బొమ్మలు అక్కర్లేదు. పిల్లవాడు రోజూ తిప్పే బొంగరం ఒకటి చాలు.

కొండపల్లి బొమ్మల కథ వేరు. తెల్ల పొణికి కర్రతో ముక్కలు చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. చాలా అందమైన పని. కానీ ఇప్పుడు వాటిలో చాలా బొమ్మలకు ఎనామిల్ రంగులు వేస్తున్నారు. బొమ్మల కొలువులో పెట్టడానికి బాగుంటాయి, పళ్లొస్తున్న పాపాయి చేతికి ఇవ్వడానికి కాదు. ఏ రంగు వేశారని అమ్మేవారిని అడగండి, చాలామంది నిజమే చెప్తారు.

"ఐఎస్ఐ మార్కు ఉంటే చాలదా మేడమ్?" అని మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఆ మార్కు తప్పనిసరి. ఫ్యాక్టరీ బొమ్మ మీద అది లేకపోతే కొనకండి. కాకపోతే నమోదైన చేతివృత్తుల వారు చేసినవాటికి, జీఐ పొందిన బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొంగరం మీద మార్కు కనిపించకపోతే అది నకిలీదని కాదు. దాన్ని చూసి ఎంచుకునే పని మీదేనని అర్థం. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే పక్కన పెట్టేయండి. దిగకపోయినంత మాత్రాన సీసం లేదని కాదు, సీసం కంటికి కనపడదు. ఇంట్లో వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. కాబట్టి అటక మీద మిగిలిన పాత రంగు డబ్బాని పిల్లల క్రాఫ్టుకి దించకండి. మీ చిన్నప్పటి రంగుల బొమ్మని కూడా ముచ్చటపడి పాపాయి నోటికి అందించకండి.

ఇక డబ్బు పెట్టకుండా ఇంట్లో అయ్యేవి. చిన్న పిల్లలకు పిండి ముద్దని మించింది లేదు. ఒక కప్పు మైదా, అర కప్పు ఉప్పు, ఒక చెంచా నూనె. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ ముద్దలా కలపాలి. రంగుకి చిటికెడు పసుపు, లేదా బీట్‌రూట్ రసం. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజులు వస్తుంది. ఉప్పు అంత వేస్తాం కాబట్టి, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇది వద్దు. మీరు చపాతీలు చేస్తున్నప్పుడు వాళ్లకూ ఒక ముద్ద తీసి ఇవ్వండి. బెండకాయ తొడిమ కోసిన చోట రంగులో ముంచి అద్దితే పువ్వు పడుతుంది. బొప్పాయి ఆకు కాడతో సబ్బునీళ్ల బుడగలు ఊదచ్చు, కోసినప్పుడు పాలు కారతాయి కాబట్టి బాగా కడిగి ఇవ్వండి. కొబ్బరాకుతో బూర, వాచీ చేయడం మీకు రాకపోతే అమ్మమ్మకో నాయనమ్మకో వీడియో కాల్ చేయించండి. మా క్లాసులో ఒక పాప అలా నేర్చుకుని వచ్చి నాకు నేర్పింది. నా బూర ఇంకా మోగడం లేదు.

గింజల విషయంలో మాత్రం కాస్త భయపడాలి. చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అనుకుంటాం. అట్ట మీద గింజలు అతికించి బొమ్మ చేయమన్నప్పుడు ఎర్రగా, నిగనిగలాడుతూ అందంగా ఉంటాయని గురివింద గింజలు తెస్తారు. అవి నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలూ అంతే, పచ్చగన్నేరు కాయలూ అంతే. ఈ మూడూ స్కూల్‌కి పంపకండి, ఇంట్లో ఆడుకోవడానికీ ఇవ్వకండి. వామనగుంటలకు చింతపిక్కలు మంచివే, కానీ ఇంట్లో మూడేళ్లలోపు చెల్లో తమ్ముడో ఉంటే ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. గొంతుకు అడ్డంపడే చిన్న ముక్కల్ని పరీక్షించడానికి బొమ్మల కంపెనీలు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం వాడతాయి. ఏ ముక్కైనా పూర్తిగా అందులో ఇమిడిపోతే అది మూడేళ్లలోపు పిల్లలకు ప్రమాదమే. పది రూపాయల బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. బిళ్ల కంటే కాస్త పెద్దవైన ముక్కలు కూడా ఆ గొట్టంలో పడతాయి, అది గుర్తుపెట్టుకుంటే ఇంట్లో అంచనాకు సరిపోతుంది.

ఈ నెల ఆఖరి శనివారం మా రెండో తరగతిలో మళ్లీ బొమ్మలు చేస్తున్నాం, ఈసారి క్లాసులోనే. ఇంట్లో ఉన్న ఖాళీ అట్టపెట్టెలు, చిరిగిన కాటన్ గుడ్డలు, కొబ్బరి చిప్పలు, పాత న్యూస్‌పేపర్లు పంపండి. ఏమీ కొనకండి. మైదా ఉడికించిన జిగురు నేను తెస్తాను. మార్కుల షీటులో 'నీట్‌నెస్' గడి తీసేయించాను. దాని బదులు ప్రతి పిల్లవాడినీ రెండు ప్రశ్నలు అడుగుతాను: ఇది ఎలా చేశావు, విరిగితే ఏం చేస్తావు అని. ఆ బాబు వాళ్లమ్మగారు ఇది చదువుతుంటే, ముంజల కాలం అయిపోయింది కాబట్టి వాళ్ల తాతయ్యగారిని ఈ కాలంలో దొరికే కాయలతో బండి చేయడం కుదురుతుందేమో అడిగి చెప్పమని నా మనవి.