కొత్త కరణీకము: డేటాబేసుల స్థాపనయందు శిక్షణ

పల్నాటి సీమలో గట్టు తగవు వచ్చినప్పుడు పూర్వము పెద్దలు మొట్టమొదట విచారించినది కరణముగారి లెక్కలో నేమున్నదనియే. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, సాగుచేయువాని పేరు, వేసిన పైరు, ఇవన్నియు అడంగలులో నుండెడివి. ఆ లెక్క వ్రాయువానికి రెండు విద్యలు రావలెను. మొదటిది లెక్క కట్టుట. రెండవది కట్టిన లెక్కను కాపాడుట. చెదలు పట్టకుండ, వానకు తడియకుండ, ఒక ఊరి కాగితము మరియొక ఊరి కట్టలో కలియకుండ చూచుకొనుట ఈ రెండవ విద్య. మొదటిదానిని గూర్చి చెప్పువారు పెక్కురు. రెండవదానిని తలచువారు తక్కువ. నేటి ప్రసంగము ఆ రెండవదానిని గూర్చినది.

1984 జనవరిలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కరణము, మునసబు ఉద్యోగములను రద్దుచేసెను. 1998 నవంబరులో ‘కార్డు’ అను పేర రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లు ప్రవేశించినవి. 2015లో ‘మీభూమి’ అను ఏర్పాటుచే అడంగలు, 1-బి నమూనాలు రైతు ఇంటనుండియే చూచుకొనుటకు వీలు కలిగెను. ఇట్లు లెక్క కాగితమును విడిచి యంత్రములోనికి పోయినది గాని, లెక్కను కాపాడు పని మాత్రము పోలేదు. అది చేతులు మారినది. ఆ పని చేయువానిని నేడు డేటాబేసు అడ్మినిస్ట్రేటరు అనుచున్నారు, క్లుప్తముగా డి.బి.ఏ.

సంబంధాత్మక డేటాబేసు అనగా నేమి? ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచుండిన కాడ్ అను ఆంగ్లేయ గణితవేత్త 1970లో ప్రకటించిన వ్యాసమున దీనికి పునాది పడినది. సమాచారమునంతయు పట్టికలుగా నుంచవలెననియు, ఒక విషయమును ఒక్కచోటనే వ్రాసి, ఇతర పట్టికలనుండి దానిని సంకేతముచే చూపవలెననియు నాయన ఆశయము. దీని ప్రయోజనము మన జిల్లా ముచ్చటతోనే తెలియగలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన గుంటూరు జిల్లానుండి పల్నాడు జిల్లా వేరుపడి, నరసరావుపేట దానికి ముఖ్యస్థానమయ్యెను. ప్రతి భూమి వివరముతోడను జిల్లా పేరు వ్రాసియుంచిన లెక్కయైనచో లక్షలకొలది వరుసలను దిద్దవలసియుండును. అట్లుగాక, భూమి పట్టికలో గ్రామ సంకేతము, గ్రామ పట్టికలో మండల సంకేతము, మండల పట్టికలో జిల్లా సంకేతము ఉన్నచో, ఇరువది యెనిమిది మండలముల వరుసలలో ఒక్కొక్క గడి మార్చిన చాలును. ఐతే 2022కు పూర్వపు దస్తావేజును చూపునపుడు గుంటూరు జిల్లా అనియే చూపవలెను గదా! కావున పట్టికను కూర్చువాడు తేదీలను గూడ తలపోయవలెను. అది వేరొక శాస్త్రము. నేడు దానిలోనికి పోను.

కాడ్ ఆశయము వ్యాసమునందే నిలిచిపోలేదు. 1979లో ఒరాకిల్ వచ్చెను. దాని తొలి ప్రతికే ‘రెండవ వెర్షను’ అని పేరు పెట్టిరి. మొదటి వెర్షను ఏ కొనుగోలుదారునకును అమ్మబడనేలేదు! తరువాత ఐ.బి.యం. వారి డీబీ2, మైక్రోసాఫ్టువారి సీక్వెల్ సర్వరు, ఉచితముగా లభించు మైసీక్వెల్, పోస్టుగ్రెస్ మున్నగునవి వచ్చినవి. బ్యాంకులును, రైల్వేలును, ప్రభుత్వ శాఖలును వీనిమీదనే నడచుచున్నవి.

ఇక శిక్షణ సంగతి. స్థాపన, అమరిక, ఉన్నతీకరణము అని దానిని మూడుగా చెప్పుదురు.

స్థాపన చూచుటకు మిక్కిలి సులభము. తెరమీద వచ్చు ప్రశ్నలకు ‘తరువాత’, ‘తరువాత’ అని నొక్కుచు పోయిన కొంతసేపటికి పని ముగియును. ముగిసినది గనుక విద్య వచ్చినదని శిష్యుడు భ్రమపడును. నిజమైన పని నొక్కుటకు ముందే యున్నది. యంత్రములో జ్ఞాపకశక్తి ఎంత, డిస్కు ఎంత, లినక్సు వ్యవస్థలో పంచుకొను జ్ఞాపకశక్తికి విధించిన హద్దులెంత, యంత్రమునకు పెట్టిన పేరు నెట్‌వర్కులో సరిగా పలుకుచున్నదా యని ముందుగా చూడవలెను. ఒరాకిల్‌ను స్థాపించుటకు ప్రత్యేకముగ ఒక వాడుకరిని సృష్టింతురు. సర్వాధికారముగల ‘రూట్’ పేర దానిని నడపరు. చివరనొక చిన్న పనికి మాత్రమే ‘రూట్’ అధికారము కావలసియుండును. పోస్టుగ్రెస్ సర్వరైతే రూట్ అధికారముతో నడపబోయినచో తానే నిరాకరించును. బీరువా తాళము ఇంటివారందరి చేతను తిరుగకూడదన్న జాగ్రత్తయే యిది. ఈ కారణము చెప్పక, ఆజ్ఞలను మాత్రమే వ్రాయించు గురువు శిష్యునికి సగము విద్యయే యిచ్చినవాడగును.

అమరికలో మనవారికి ముఖ్యమైనది అక్షరముల సమస్య. డేటాబేసును సృష్టించునపుడే ఏ అక్షరసమితితో నుండవలెనో నిర్ణయింపవలెను. పశ్చిమ ఐరోపా భాషల సమితిని ఎన్నుకొన్నచో తెలుగు పేర్లు లోనికి పోవునపుడే ప్రశ్నార్థకపు గుర్తులుగా మారిపోవును. ఒకసారి అట్లు మారిన పేరును మరల రాబట్టుట అసాధ్యము. మూలాక్షరము ఎక్కడను మిగులదు గదా! కావున యూనికోడు సమితినే ఎన్నుకొనవలెను.

అంతటితో చిక్కు తీరదు. యూనికోడును యూటీయఫ్-8 అను పద్ధతిలో దాచునపుడు ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. ‘పల్నాడు’ అను పేరు మన కంటికి మూడక్షరములే. యంత్రమునకు మాత్రము పకారము, లకారము, పొల్లు, నకారము, దీర్ఘము, డకారము, కొమ్ము అని ఏడు సంకేతములు. ఇరువది యొక్క బైట్లు. ఒరాకిల్‌లో ‘ఇరువది’ అని వెడల్పు చెప్పి గడిని కల్పించినచో, వేరుగా చెప్పనంతవరకు అది ఇరువది బైట్లనియే తలచును. ‘గురజాల’ అని వ్రాసి చూచిన, ఆరు సంకేతములు, పదునెనిమిది బైట్లు, చక్కగా నిమిడిపోవును. పని బాగున్నదని శిష్యుడు సంతోషించును. పిదప ‘మాచెర్ల’ అని వ్రాయగనే, ఇరువది యొక్క బైట్లగుటచే, యంత్రము త్రోసిపుచ్చును. నరసరావుపేటకు ముప్పది బైట్లు కావలెను. దాని సంగతి చెప్పనేల! వెడల్పును అక్షర సంకేతముల లెక్కన చెప్పుట దీనికి మందు. పోస్టుగ్రెస్ సంకేతములనే లెక్కించును. ఆంగ్లమున వ్రాసిన పాఠ్యగ్రంథములలో ఈ సంగతి ఒక మూల నుండును. తెలుగు లెక్కలు వ్రాయబోవు వానికి అది మొదటి పాఠము కావలెను.

అమరికలో రెండవది దినచర్య పుస్తకము. మన కోమటి దుకాణములలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములుండెడివి. బేరము జరుగగనే చిట్టాలో నెక్కించి, తీరికగా ఆవర్జాలో ఎవరి పద్దుక్రింద వారికి వ్రాసికొనెడివారు. దీపము ఆరిపోయి ఆవర్జా పని నడుమ నిలిచినను చిట్టా యున్నంతవరకు లెక్క చెడదు. డేటాబేసును సరిగా నిట్లే నడచును. ప్రతి మార్పును ముందు ఒక లాగులో వ్రాసి, అది డిస్కుమీద నిలిచినదని నిశ్చయించుకొన్న పిదపనే పని జరిగినదని మనకు చెప్పును. అసలు పట్టికలలో తరువాత నెక్కించును. విద్యుచ్ఛక్తి ఆగిపోయినచో మరల లేచునపుడు ఆ చిట్టాను చదివి ఆవర్జాను సరిచేసికొనును.

అయితే ఈ లాగులు నిండినపిమ్మట వానిని చెరిపి మరల వాడుకొనుట వాడుక. చెరుపుటకు ముందు నకలు తీసి వేరుచోట దాచుమని మనము ప్రత్యేకముగ చెప్పవలెను. ఒరాకిల్‌లో గాని పోస్టుగ్రెస్‌లో గాని ఇది తనంతట జరుగదు. ఆదివారము రాత్రి డేటాబేసు నకలు తీసితిమనుకొందము. గురువారము మధ్యాహ్నము డిస్కు చెడెను. లాగులను దాచియుంచినచో ఆదివారపు నకలుమీద వానిని వరుసగా నెక్కించి గురువారపు మధ్యాహ్నమువరకు రాగలము. దాచనిచో ఆదివారమే మిగులును. నడుమ నాలుగు దినములలో జరిగిన రిజిస్ట్రేషనులు, చెల్లింపులు లేనివే యగును. ఇంత మేలు చేయు ఏర్పాటుకు ఖర్చు కొంచెము డిస్కు మాత్రమే.

ఉన్నతీకరణము ఈ మూడింటిలోను కఠినము. గుంటూరునుండి మాచెర్లకు పోవు ఇనుపదారి మొదట మీటరు గేజిది. తరువాత దానిని బ్రాడ్ గేజికి మార్చిరి. అట్టి మార్పులో పట్టాలు మాత్రమేగాక బండ్లును మారవలెను. పని జరుగుకాలములో ప్రయాణికుల దారి ఆగును. సగము దూరము మార్చి ఊరకుండుటకు వీలులేదు. పాత వెర్షను డేటాబేసును కొత్తదానికి తెచ్చుట ఇట్టిదే. మానుకొందమన్నను కుదరదు. పోస్టుగ్రెస్‌లో ఏటేట ఒక పెద్ద వెర్షను వచ్చును. ఒక్కొక్కదానికి ఐదేండ్లే దిద్దుబాట్లు లభించును. ఆపై కనుగొనబడిన లోపములు దొంగలకు తెరచిన తలుపులగును.

ఉన్నతీకరణములో తిరుగుదారి మూసికొనిపోవు చోట్లు కొన్ని కలవు. అవి ఎచ్చట నున్నవో తెలిసినవాడే నేర్పరి. ఒరాకిల్‌లో ‘కంపాటిబుల్’ అను అమరిక ఒకటి యున్నది. దానిని కొత్త వెర్షను సంఖ్యకు పెంచిన పిదప మరల తగ్గింపరాదు. పాత వెర్షనునకు దిగుటయు సాధ్యము గాదు. కావున అనుభవజ్ఞులు వెర్షనును మార్చియు, ఆ సంఖ్యను కొన్ని వారములపాటు పాతదిగనే యుంచి, అంతయు బాగుగ నున్నదని తేలిన తరువాతనే పెంచుదురు. పోస్టుగ్రెస్‌లో ఫైళ్లను నకలుచేయక లంకెలతో త్వరగా మార్చు పద్ధతి యున్నది. అది నిమిషములలో ముగియును గాని, కొత్త సర్వరును ఒకసారి లేపిన తరువాత పాతదానిని వాడరాదు. త్వరపడువారు వేరుగా నకలు తీసికొనకయే ఈ దారి పట్టుదురు.

మరియొకటి మిక్కిలి గూఢమైనది. డేటాబేసును ముట్టక, క్రిందనున్న లినక్సును మాత్రమే మార్చితిమనుకొందము. 2018లో వెలువడిన జీలిబ్‌సీ 2.28 అను లినక్సు మూలగ్రంథాలయములో అక్షరముల వరుసక్రమము మారినది. పోస్టుగ్రెస్ తన సూచికలను ఆ క్రమమునుబట్టియే కూర్చుకొనును. పాత క్రమముతో కూర్చిన సూచికను కొత్త క్రమముతో వెదకినచో, ఉన్న పేరు లేదని చెప్పవచ్చును. వరుస పట్టికలోనే యున్నది. రైతు పేరు మారలేదు. సూచిక మాత్రము తప్పుదారి చూపుచున్నది. ఏ పొరపాటు సందేశమును రాదు. అందుచేత వ్యవస్థను మార్చిన వెంటనే సూచికలను తిరిగి కట్టవలెను.

ఇంక ఈ విద్య నేర్చుట ఎక్కడ? నరసరావుపేటలో ఇంజనీరింగు కళాశాలలున్నవి. అందు చదువు ముగించినవారిలో పలువురు హైదరాబాదులోని అమీర్‌పేటకు పోవుదురు. మైత్రీవనము చుట్టుప్రక్కల శిక్షణాలయముల ప్రకటన పలకలు గోడలు కనబడకుండ నిండియుండును. కొద్ది నెలలలో నేర్పుదుమందురు. మిరపపంట డబ్బు తెచ్చి బిడ్డ చేతిలోపెట్టిన తండ్రికి ఆ నెలలు చిన్నవి గావు. అక్కడ మంచి గురువులు కలరు. ఆ మాట కాదనరాదు. ఐనను పెక్కుచోట్ల బోధన స్థాపనయందు ఘనముగా మొదలై, ఉన్నతీకరణము వచ్చుసరికి గడువు ముగిసిపోవును; పోగొట్టుకొన్న డేటాబేసును తిరిగి నిలువబెట్టు అభ్యాసము కాగితముమీదనే మిగులును. పరీక్షలలో వచ్చు ప్రశ్నలను జవాబులతో కంఠస్థము చేయించువారు మరికొందరు. అట్టి పట్టముతో ఉద్యోగములో చేరినవాడు మొదటి డిస్కు చెడిన రాత్రి ఏమి చేయును? కావున చేరబోవువారు రుసుమెంతయని అడుగుటకు ముందు, చెడగొట్టి బాగుచేయించు అభ్యాసము ఎన్నిసార్లు చేయింతురని అడుగవలెను.

ఆ అభ్యాసమునకు హైదరాబాదే పోనక్కరలేదు. పోస్టుగ్రెస్ పూర్తిగా ఉచితము. ఒరాకిల్ వారును ఒక ఉచిత ప్రతిని ఇచ్చుచున్నారు. అది రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తిని, పండ్రెండు గిగాబైట్ల సమాచారమును మించనీయదు గాని, నేర్చుకొనువానికి అది యథేష్టము. ఒక మామూలు ల్యాప్‌టాపులో కల్పిత యంత్రమును పెట్టుకొని మాచెర్లలో కూర్చుండియే పని సాగింపవచ్చును. పాత వెర్షనును స్థాపించి, మన మండలముల పేర్లు తెలుగులో నెక్కించి, లాగులను దాచు ఏర్పాటు చేసి, నకలు తీయవలెను. తరువాత మరికొన్ని వరుసలు చేర్చి, సమాచారపు ఫైళ్లలో ఒకదానిని తానే చెరిపివేయవలెను. నకలునుండియు, లాగులనుండియు దానిని లేపి, చివర చేర్చిన వరుస యున్నదో లేదో చూడవలెను. పిమ్మట కొత్త వెర్షనునకు మార్చి, వరుసలను లెక్కించి, ‘మాచెర్ల’ అని వెదకి చూడవలెను. మొదటిసారి దీనికి రెండు మూడు దినములు పట్టును. ఐదవసారికి ఒక పూటలో ముగియును.