ఊసవానిపేట బాలిక ఎత్తిన బరువు

మన ఉత్తరాంధ్రమున సంగిడిరాయి నెరుగని గ్రామపెద్ద యుండడు. సంక్రాంతినాడో, అమ్మవారి పండుగనాడో చావడి ముందరకు దానిని దొర్లించుకొనివచ్చి, కాసె బిగించిన పడుచువాండ్రు వంతులవారీగా ఎత్తుచుండగా మీరందరును చూచినవారే. రొమ్ము పొంగించి ఇనుపగొలుసులను తెంపి, ఛాతీపై ఏనుగును నిలుపుకొని, కలియుగభీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు మన వీరఘట్టమున పుట్టినవారే. అయితే ఈ బలముల కథలన్నియు మగవారివి. రాయి చుట్టు మూగిన జనములో ఆడుపిల్లలు వెనుకవరుసలో నిలిచి చూచువారు మాత్రమే. ఆ వెనుకవరుసనుండి ముందునకు వచ్చిన కరణం మల్లేశ్వరిని గూర్చి నేను చెప్పదలచితిని.

శ్రీకాకుళం రోడ్డు అను రైలుస్టేషను శ్రీకాకుళమున లేదు, ఆమదాలవలసలో నున్నది. ఈ సంగతి కొత్తగా దిగిన బాటసారికే గాని మీకు వింత గాదు. ఆ ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో ఆమె పెరిగెను. 1975 జూన్ 1వ తేదీ ఆమె జన్మదినము. తండ్రి మనోహర్‌గారు రైల్వే రక్షకదళమున కానిస్టేబులు. తల్లి శ్యామలగారు. మల్లేశ్వరికి తోబుట్టువులు నలుగురు అక్కచెల్లెండ్రు. అందరును బరువులెత్తుట నేర్చినవారే. ఊరి తాలింఖానాలో నీలంశెట్టి అప్పన్నగారు శిక్షకులు. పండ్రెండేండ్ల ప్రాయమున మల్లేశ్వరి అచ్చట అడుగుపెట్టెను. అప్పటికామె బక్కపలుచని పిల్ల. ఈ పని ఈమె వలన కాదనినవారును ఉండిరి. తల్లి మాత్రము వెనుదీయలేదు. ఒక పల్లెటూరిలో, ఆ దినములలో, కూతురిని ఇనుము పట్టుటకు పంపి ఇరుగుపొరుగుల మాట లెక్కచేయకుండుట ఎంతటి పనియో ఆడుపిల్లలను గన్న మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఆ విద్య యెట్టిదో కొంచెము వివరింతును. సంగిడిరాయిని ఎవడెట్లెత్తినను, ఎత్తినవాడే ఘనుడు. ఇనుపకడ్డీ పోటీలో అట్లు గాదు. రెండు విధములుగా ఎత్తవలెను. మొదటిదానిని స్నాచ్ అందురు: కడ్డీని నేలనుండి ఒక్క ఊపున తలపైకి తీసికొనిపోవలెను, నడుమ ఎచ్చటను ఆగరాదు. రెండవది క్లీన్ అండ్ జెర్క్: తొలుత భుజములమీదికి తెచ్చి, నిలువద్రొక్కుకొని, పిమ్మట తలపై కెత్తవలెను. ఒక్కొక్కదానికి మూడేసి అవకాశములు. పేరు పిలిచినది మొదలు ఒక నిమిషములో కడ్డీ నేలను విడువవలెను. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరైనను సరియే యనవలెను. ఒకసారి ఎత్తుటకు ప్రయత్నించిన బరువును పిమ్మట పెంచవచ్చును గాని తగ్గింపరాదు. రెండు విధములలోను ఎత్తిన గరిష్ఠ బరువులను కూడి, ఎవరిది ఎక్కువయో చూతురు. అప్పటి నియమము ప్రకారము మొత్తములు సమానమైనచో తక్కువ దేహభారము గలవారిదే గెలుపు. కావున ఇందు కండబలముతోపాటు లెక్కయు కావలెను. ఏ బరువు అడుగుటయో ఎరుగనివాడు ఎంత బలశాలియైనను ఓడును.

మల్లేశ్వరి ఈ విద్యలో త్వరగా పైకి వచ్చెను. 1993లో ప్రపంచపోటీలలో కాంస్యము, 1994లో ఇస్తాంబూలునందును 1995లో చైనాదేశపు గ్వాంగ్జౌనందును 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత. అప్పటికామె వయస్సు ఇరువది దాటినదో లేదో! అర్జున పురస్కారము, రాజీవ్‌గాంధీ ఖేల్‌రత్న లభించినవి.

అయినను ఇచ్చట ఒక అన్యాయము గలదు. ఒలింపిక్సులో పురుషులు 1896వ సంవత్సరమునందే బరువులెత్తిరి. స్త్రీలకు ప్రపంచపోటీయే 1987వరకు లేదు. ఒలింపిక్సులో ప్రవేశమో, 2000 వరకు లేదు. మల్లేశ్వరి ప్రపంచవిజేతగా వెలుగుచున్న కాలమున, 1996లో అట్లాంటాలో ఒలింపిక్సు జరిగినప్పుడు, ఆమెకు అచ్చట నిలుచుటకు వేదికయే లేదు. తలుపు తెరచునంతలో ఆమెకు పెండ్లియైనది, దేహము మారినది, తరగతి 54నుండి 63కు, తుదకు 69కు మారినది. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో రజతము గెలిచినను, సిడ్నీకి ఆమెను ఎంపికచేసినప్పుడు, ఈమె పని అయిపోయినది, లావెక్కినది అని పత్రికలలో వ్రాసినవారు కలరు. ఈ లావు మాట ఏ మల్లునిగూర్చియైనను మన పెద్దలు అనగా వింటిరా? నేను వినలేదు.

2000 సెప్టెంబరు 19. సిడ్నీనగరము. స్నాచ్‌లో మల్లేశ్వరి 110 కిలోలెత్తెను. క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మన వైపు ధాన్యపు బస్తా 80 కిలోలనుకొన్నచో, ఇది బస్తాన్నరకు మించినది. బస్తాను భుజముమీదికి తెచ్చుటకే మనము మరియొకనిని పట్టుమందుము. ఆమె ఒంటరిగా తలపై కెత్తి నిలిచెను. మొత్తము 240. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగేరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ ఇరువురును 242.5 కిలోల మొత్తము కలవారు. మల్లేశ్వరికి ఒక్క అవకాశము మిగిలినది. 135 కిలోలెత్తినను మొత్తము 245 అయి వారిని దాటును. అయినను 137.5 అడిగిరి. కడ్డీ లేవలేదు. కాంస్యమే మిగిలెను. ఆ రెండున్నర కిలోలను గూర్చి నేటికిని వాదించువారున్నారు. నా మట్టుకు, 135 అడిగియున్న బాగుండెడిదని తోచును. కాని నిమిషములో నిర్ణయింపవలసిన లెక్కను తీరికగా కుర్చీలో కూర్చుండి సరిదిద్దుట సులభము.

ఒలింపిక్సు పతకము గెలిచిన తొలి భారతీయ స్త్రీ ఆమెయే. ఆ యేడు సిడ్నీనుండి దేశమునకు వచ్చిన పతకమును అదొక్కటియే. 2001లో ఆమెకు కుమారుడు కలిగెను. 2004లో ఏథెన్సునకు వెళ్లినను నడుమునొప్పి వలన పోటీ పూర్తిచేయలేక విరమించెను. 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షురాలుగా నియమింపబడెను. ఊసవానిపేట తాలింఖానాలో మొదలైన చదువు అచ్చటికి చేర్చినది.

ఆమె తరువాత మన జిల్లాలలో ఈ విద్య ఆగలేదు. విజయనగరము చెంత నెల్లిమర్ల మండలమున కొండవెలగాడ యను పల్లె యున్నది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతియందు 83ను, 105ను ఎత్తి, 188 కిలోలతో మూడవస్థానమున నిలిచెను. కొన్నినాళ్లకే మొదటిస్థానము పొందిన నైజీరియా బాలిక నిషిద్ధౌషధ పరీక్షలో పట్టువడగా ఆమె పతకము రద్దాయెను. కొండవెలగాడకు కాంస్యమునకు బదులు రజతము వచ్చెను.