కసీరర్ ఉత్తరాల సంపాదకత్వం

జర్మన్ తత్వవేత్త ఎర్న్‌స్ట్ కసీరర్ (1874–1945) మార్బుర్గ్‌లో హెర్మన్ కోహెన్ దగ్గర చదువుకున్నారు. కాంట్ తత్వాన్ని ఆధునిక విజ్ఞానశాస్త్రంతో కలిపి చదివిన నవ్య కాంట్‌వాదులలో ఆయన ముఖ్యుడు. ఆయన పండితులతో నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాల నుంచి ఎంచిన సంపుటాన్ని హాంబుర్గ్‌కు చెందిన ఫెలిక్స్ మైనర్ సంస్థ 2009లో ప్రచురించింది. కసీరర్ అముద్రిత రచనల కోసం 1995లో మొదలైన వరుసలో ఇది 18వది. దీని సంపాదకులలో ప్రముఖుడు జాన్ మైకేల్ క్రోయిస్.

రాసిన ఉత్తరం రాసినవారి దగ్గర మిగలదు. కాబట్టి కసీరర్ మాటల కోసం ఆయన మిత్రుల కాగితాలు వెతకాలి. 1933లో నాజీలు అధికారానికి రాగానే యూదుడైన కసీరర్ హాంబుర్గ్ విడిచారు. ఆక్స్‌ఫర్డ్, స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్, ఆపైన అమెరికాలో యేల్, చివరికి న్యూయార్క్. ఆయన దగ్గర మిగిలిన కాగితాలు యేల్‌లోని బైనెకి గ్రంథాలయానికి చేరాయి. ఆయనతో ఉత్తరాలు నడిపిన ఐన్‌స్టీన్ పత్రాలు జెరూసలేంలో ఉన్నాయి. ఆయన మిత్రుడైన కళాచరిత్రకారుడు అబీ వార్‌బుర్గ్ గ్రంథాలయం కూడా 1933లోనే లండన్‌కు తరలిపోయింది.

రెండు వైపుల ఉత్తరాలూ పక్కపక్కన చేరితేనే వాదం అర్థమవుతుంది. సాపేక్ష సిద్ధాంతంపై తాను రాసిన పుస్తకాన్ని కసీరర్ 1920లో అచ్చుకు ముందే ఐన్‌స్టీన్‌కు పంపారు. అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి ముందుగా కొన్ని భావనలు కావాలని ఐన్‌స్టీన్ జవాబు ఉత్తరంలో ఒప్పుకున్నారు. అయితే ఫలానా భావనలనే ఎంచుకోవాలని మన బుద్ధి స్వభావం నిర్బంధిస్తుందంటే మాత్రం ఒప్పుకోలేదు. కాంట్‌వాదం ఆయువుపట్టు మీద పెట్టిన ప్రశ్న అది. 1921లో వెలువడిన పుస్తకాన్ని ఈ ఉత్తరంతో కలిపి చదివినప్పుడే దాని వెనుక నడిచిన చర్చ తెలుస్తుంది.

సంపాదకుల మామూలు శ్రమ కూడా తక్కువేమీ కాదు. ఆ కాలపు చేతిరాతను విప్పి చదవాలి, తేదీ లేని ఉత్తరానికి లోపలి ఆధారాలతో తేదీ కట్టాలి, పేరు చెప్పకుండా ప్రస్తావించిన వ్యాసమేదో కనిపెట్టి అధోజ్ఞాపిక రాయాలి.

అంతకంటే చిక్కు ఎంపికలో ఉంది. పాండిత్యానికీ సొంత జీవితానికీ మధ్య గీత గీయడం కష్టం. క్రాయిట్స్‌లింగెన్ మానసిక చికిత్సాలయంలో ఉన్న వార్‌బుర్గ్‌ను పలకరించడానికి కసీరర్ 1924లో వెళ్లారు. ఆ పలకరింపు కెప్లర్ చెప్పిన గ్రహాల దీర్ఘవృత్త కక్ష్యల చర్చగా సాగింది. అలాంటి స్నేహంలో పుట్టిన ఉత్తరాన్ని ఏ వర్గంలో వేసినా ఏదో ఒకటి పోతుంది. అందుకే అచ్చులో ఎంపిక చేసినవే ఇచ్చినా, అప్పటికి దొరికిన మిగతా ఉత్తరాలనూ సంపుటంతో పాటు డీవీడీలో చేర్చడం సరైన నిర్ణయం. సంపాదకులు ఏవి వదిలారో పాఠకుడు స్వయంగా చూసుకోవచ్చు.