చందా సొమ్ము – ఇచ్చిన మాట

నాయకుడు గోతులను దాటుచు, మెట్టునుండి మెట్టునకు దుముకుచు ముందునకు సాగు వీడియో ఆటలను ప్లాట్‌ఫార్మరులందురు. జపానులోని క్యాప్‌కామ్ సంస్థ 1987లో వెలువరించిన ‘మెగామ్యాన్’ అట్టివానిలో ప్రసిద్ధమైనది. దానికి చిత్రకారుడుగా పనిచేసిన కెయిజి ఇనాఫునె ఆ సంస్థను విడిచిన పిమ్మట, 2013లో అదే తీరున ‘మైటీ నంబర్ 9’ అను ఆటను నిర్మింపదలచెను.

ధనమునకై కిక్‌స్టార్టర్ అను అంతర్జాల వేదికపై చందాలు కోరెను. అడిగినది 9 లక్షల డాలర్లు. 67 వేలకు పైగా అభిమానులిచ్చినది 38 లక్షలకు మించెను. చిన్ననాడు తమ్ము మురిపించిన ఆట మరల వచ్చునని వారి ఆశ.

ధనముతోపాటు వాగ్దానములును పెరిగెను. కంప్యూటరునకే గాక పలువిధములైన ఆటయంత్రములకును దానిని సిద్ధపరతుమనిరి. ఒక్కొక్క యంత్రము తీరు వేరు. ఒకదానికై వ్రాసిన ప్రోగ్రామును మరొకదానికి సవరించి పరీక్షింపవలెను. 2015 ఏప్రిల్‌లో రావలసిన ఆట పలుమార్లు వాయిదాపడి 2016 జూన్‌లో వెలువడెను. చిత్రములు కళతప్పినవనియు, పాత ఆటకు సాటిరాలేదనియు పలువురు నిరుత్సాహపడిరి. చేతిలో పట్టుకొని ఆడు రెండు యంత్రములకు చెప్పిన ఆట రానేలేదు.

అదే 2013లో అమెరికాలోని యాట్ క్లబ్ గేమ్స్ అను చిన్న సంస్థ ‘షవల్ నైట్’ అను ఆటకై 75 వేల డాలర్లు కోరి, 3 లక్షలకు పైగా పొందెను. వీరికిని ఆలస్యము తప్పలేదు. అయినను మొదట కంప్యూటరునకును, నింటెండో యంత్రములకును మాత్రమే ఆటను సిద్ధపరచి 2014 జూన్‌లో వెలువరించి మెప్పు పొందిరి. వాగ్దానము చేసిన అదనపు కథలను 2019 వరకు శ్రమించి ముగించిరి.

చందా యిచ్చుట అంగడిలో వస్తువును కొనుట వంటిది కాదు. ఇంకను పుట్టని దానిని నమ్ముట. ఆ నమ్మకము నిలువవలెనన్న చేయగలిగినంతయే చెప్పవలెను, చెప్పినదెల్ల చేయవలెను.