చెరువు కట్ట... రైలు పట్టా!

పెబ్బేరు గుమ్మం ముందే జాతీయ రహదారి ఉంది. రైలు మాత్రం లేదు. రైలెక్కాలంటే ఇటు వనపర్తి రోడ్ స్టేషన్‌కో, అటు కృష్ణ దాటి గద్వాలకో పోవాల్సిందే. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వెళ్లే దారి అది. దానికో చేదు జ్ఞాపకం ఉంది.

1956 సెప్టెంబరు 2. జోరువాన. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు వాగులో పడింది. వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులో అరియలూరు దగ్గర మరో రైలు వరదపాలయ్యాకే ఆమోదించారు.

అసలు వాననీళ్లకు రైలుకట్ట ఎందుకు కొట్టుకుపోతుంది?

చూడ్డానికి అదీ చెరువు కట్టలాంటిదే. కాకపోతే నీళ్లు ఆపడానికి కట్టింది కాదు. పల్లానికి అడ్డంగా పోసిన ఆ మట్టికి తగినన్ని ఖానాలు లేకపోతే ఎగువన నీళ్లు నిలుస్తాయి. కట్ట నానుతుంది. నీరు పైనుంచి పొర్లిందంటే మట్టి జారిపోయి పట్టాలు గాల్లో వేలాడతాయి. వంతెన ఉన్నచోటా ముప్పే. ఇరుకు ఖానాలోంచి దూకే నీరు స్తంభాల అడుగున మట్టిని కోసేస్తుంది.

మరి ఖానా ఎంత వెడల్పుండాలి? 1950ల చివర్లో ఎ.ఎన్. ఖోస్లా నాయకత్వంలోని ఇంజినీర్ల సంఘం దారి చూపింది. యాభై ఏళ్లకోసారి వచ్చేంత వరదను లెక్కలోకి తీసుకోమంది. ఎంత నేల మీది వాన వాగులోకి దిగుతుంది, ఎన్ని గంటల్లో దిగుతుంది... ఇదంతా చూసి వంతెన కొలతలు తేలుస్తారు. పాత వంతెన చాలకపోతే రైళ్లు నడుస్తుండగానే కాంక్రీటు పెట్టెలను జాకీలతో కట్ట కిందికి నెట్టి కొత్త దారి తెరుస్తారు. అడుగు కోసుకుపోకుండా రాతి కట్టడం, గచ్చు వేస్తారు.

లెక్క బాగానే ఉంది. కానీ మన ప్రాంతంలో వాగుకు పైన చెరువుంటుంది, దానిపైన ఇంకోటి. ఒకటి తెగితే రోజంతా రావాల్సిన నీరు గంటలో వచ్చిపడుతుంది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర జరిగిందదే. చెరువు తెగిన నీళ్లు చిన్న వంతెనను మింగేశాయి. డెల్టా ప్యాసింజర్ అందులో పడి వందమందికి పైగా పోయారు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య కూడా కట్ట కొట్టుకుపోయి పట్టాలు వేలాడాయి. అదృష్టం, వాటి మీద రైలు లేదు.

రైల్వేకు ఈ సంగతి తెలియక కాదు. పట్టాలకు ముప్పు తేగల చెరువుల జాబితా ఉంటుంది. ఏటా వానాకాలం ముందు నీటిపారుదల శాఖతో కలిసి వాటిని చూడాలి. వానల్లో రాత్రిపూట గస్తీ తిరుగుతారు. స్తంభాల మీద ప్రమాద మట్టం గీస్తారు. కొన్ని వంతెనలకు నీటిమట్టం చెప్పే యంత్రాలూ వచ్చాయి.

ఇదంతా వానాకాలాన్ని నమ్ముకున్న ఏర్పాటు. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్న మదనాపురం మండలంలోనే సరళాసాగర్ ఉంది. నీరు నిండితే మనిషి చెయ్యి పడకుండా సైఫన్లు వాటంతటవే తెరుచుకునే అరుదైన ప్రాజెక్టు. దాని కట్టకు గండి పడిందెప్పుడు? 2019 డిసెంబరు 31న! వానలు వెళ్లి ఎన్నాళ్లో అయింది. నీళ్లన్నీ రామన్‌పాడు వైపు పరుగెత్తాయి.

ఎత్తిపోతలు వచ్చాక పాలమూరు చెరువులు ఎండల్లోనూ నిండుగా కనిపిస్తున్నాయి. రైతుకు సంబరమే. కానీ జూన్‌కు ముందు ఒకసారి చూసొచ్చే తనిఖీ ఇక సరిపోదు. వంతెన దగ్గరి యంత్రం నీళ్లు వచ్చాక చెబుతుంది. కట్టకు బుంగ పడిందని ముందుగా కనిపెట్టేది ఊళ్లో నీరడి. తూము పక్కన దగ్గరి స్టేషన్ మాస్టర్ ఫోన్ నంబరు రాసిపెట్టడానికి ఒక డబ్బా పెయింటు చాలు.