పండగపూట చిరాకెందుకు?

సంక్రాంతికి ద్రాక్షారామంలో ఇళ్లన్నీ చుట్టాలతో కళకళలాడతాయి. అయినా కనుమ నాటికి కొందరు పిల్లలకి చిరాకు, కడుపులో బరువు. ఎందుకు?

రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు, భోగిమంట కోసం తెల్లవారకముందే మెలకువ. 6 నుంచి 12 ఏళ్ల వారికి రోజుకి కనీసం 9 గంటల నిద్ర కావాలి. అది తగ్గితే మెదడు కోపాన్ని సరిగా అదుపు చేయలేదు. చిన్నమాటకే ఏడుపొస్తుంది. అది మొండితనం కాదు, పెద్దలూ గమనించాలి.

ఇక అరిసెలు. బియ్యప్పిండి, బెల్లం పాకం, పైగా నూనెలో వేగినవి. కొవ్వు ఎక్కువైతే తిండి పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది. ఒకటి తిని ఆగండి. సాయంత్రం తాతయ్యతో భీమేశ్వరాలయం దాకా నడవండి. అరుగుదలకీ మనసుకీ మంచిది. పండగ ఒత్తిడి అమ్మకీ ఉంటుంది. విస్తళ్లు మీరు వేయండి.